నర్సింగం మామ కట్టిన ఊరు

“అల్లుడా, ఊరికి ఆకలైతే యాడ ఒత్తాలె?”

2020 ఏప్రిల్ రెండో వారంలో మా నర్సింగం మామ నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. నేను అప్పుడు సూరత్‌లో, లింబాయత్‌లోని మామ ఇంటి పై గదిలో కూర్చొని, ఎవరూ కొనని చీరలకు కంప్యూటర్ మీద అంచులు గీస్తున్నాను. బట్టల మార్కెట్ మూతపడి మూడు వారాలైనా మా డిజైన్ల యజమాని మాత్రం పని ఆపలేదు. “గోధుమ కంకి బొమ్మ మీద ఒత్తు మామా” అని తల తిప్పకుండా చెప్పాను. అక్కడే తప్పు చేశాను. అప్పుడే లేచి, ఆయన చేతిలోని ఆ టాబ్లెట్ లాక్కొని, బీరువాలో పెట్టి తాళం వేయాల్సింది.

మామ అంటే మా అమ్మకు సొంత అన్న. నేను చదువుకున్నదీ, ఉద్యోగం చూసుకున్నదీ ఆయన ఇంట్లోనే, స్వరాజ్యం అత్త చేతి జొన్నరొట్టెలు తింటూ. కాబట్టి ఆయన మీద కోపం వస్తే సగం మింగి సగమే కక్కాలి. ఆ నెలన్నరా మింగిన సగంతోనే నా కడుపు నిండింది.

ఆయన సంగతి కొంత చెప్పాలి. సొంతూరు కరీంనగర్ వైపు పోతారం. పదహారో ఏట చిన్నాన్న వెంట సూరత్ వచ్చాడు. మొదట మరమగ్గాల షెడ్డులో నేల ఊడ్చాడు. తర్వాత కండెలకు దారం చుట్టాడు. ఆ తర్వాత నాలుగు సాంచెలు, ఇంకొన్నాళ్ళకు ఎనిమిది నడిపాడు. మావాళ్ళు మరమగ్గాన్ని సాంచె అంటారు. నలభై దాటాక ముకద్దం, అంటే షెడ్డు నడిపించే మేస్త్రీ అయ్యాడు. యజమాని సేఠ్ ఉండేది వరాఛాలో, షెడ్డు ఉన్నది పాండేసర అవతల. అక్కడి నలభై ఎనిమిది సాంచెలూ మామ చెవి మీద నడిచేవి. అంత మోతలో ఏ సాంచె తప్పు మోగుతోందో కళ్ళు మూసుకొని చెప్పేవాడు. ఇంట్లో మనం చెప్పేది మాత్రం ఆయనకు వినపడదు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ చప్పుడులో ఉన్న చెవులు మరి. ప్రశ్న ఆయన అరిచి అడుగుతాడు, జవాబు నేను అరిచి చెప్పాలి. మా ఇంటి గుట్టు వీధంతటికీ తెలిసేది అందుకే.

మా కింది గదిలో పదకొండు మంది ఉండేవాళ్ళు. అందరూ పోతారం, ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. ఒక్కొక్కణ్ణీ వాళ్ళ అమ్మ ముందు నిలబడి “నీ కొడుకు నా జిమ్మ” అని మాటిచ్చి తెచ్చినవాడు మామే. ఆరుగురిది పగటి పాళీ, అయిదుగురిది రాత్రి పాళీ. వాళ్ళు పనికి వెళితే వీళ్ళు అవే చాపల మీద పడుకునేవాళ్ళు. అందరూ ఒకేసారి ఆ గదిలో ఉండటం లాక్‌డౌన్ వచ్చాకే మొదలైంది. అప్పటినుంచి కాలు చాపాలంటే పక్కవాణ్ణి అడగాల్సి వచ్చింది.

మామ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. చేతికి చెయ్యి అనేవాళ్ళు. పాళీ మారేటప్పుడు దిగేవాడు తిరుగుతున్న సాంచె పిడి మీద నుంచి చెయ్యి తీయకూడదు. ఎక్కేవాడు వచ్చి ఆ చేతి మీద చెయ్యి వేశాకే ఇవతలికి రావాలి. అవతలివాడు రాకపోతే ఆకలైనా జ్వరమైనా నిలబడాల్సిందే. అత్తను కొత్తగా సూరత్ తెచ్చిన రోజున ఆమెను గదిలో దింపి “గంటల వస్త” అని వెళ్ళిన మామ, ఎక్కేవాడు రాలేదని మర్నాడు పొద్దున వచ్చాడు. ఆ కథ చెప్పేటప్పుడు అత్త పొయ్యి మీద కూర ఇప్పటికీ మాడుతుంది.

మార్చి చివర సాంచెలు ఆగిపోయాయి. మామ ఇంటికొచ్చి “చెవులు గుయ్యిమంటున్నయ్” అని రెండు రోజులు పడుకున్నాడు. మూడో రోజు ఫ్యాన్ విప్పాడు. నాలుగో రోజు మిక్సీ విప్పి, బిగించి, రెండు మరలు మిగిలాయని నాకు చూపించాడు. ఇంకో వారం ఓపిక పట్టి అత్త మెట్లెక్కి నా దగ్గరికి వచ్చింది.

“బిడ్డా, ఈయన్ను దేంట్లనన్న వెట్టు. కుట్టుమిషిన్ దిక్కు చూస్తుండు. దాని మీద చెయ్యి వడ్డదంటే నేను ఊరికి నడిచే పోత.”

నేను కొరివితో తల గోక్కున్నాను. పాత టాబ్లెట్‌లో నేను ఆడుకునే ఆటొకటి ఉంటే అది ఆయనకిచ్చాను. రాజ్యం కట్టే ఆట. మొదట ఒక చిన్న ఊరినిస్తారు. ఆ ఊరి మనుషుల్లో ఎవరు పొలంలో, ఎవరు రాతిగనిలో, ఎవరు అడవిలో పనిచేయాలో మనమే చెప్పాలి. పంట బుట్ట నిండితే ఊళ్ళో ఒక మనిషి పెరుగుతాడు. అన్నీ సర్దుకున్నాక మూలనున్న గుండ్రటి బటన్ ఒత్తితే మన వంతు అయిపోతుంది, ఒక ఏడాది గడుస్తుంది. పదేళ్ళ పిల్లలు ఆడతారు. మామకు ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి బొమ్మలు గుర్తుపట్టడం నేర్పాను. ఊరి పేరు అడిగితే పోతారం అని పెట్టమన్నాడు.

ఇక మొదలయ్యాయి.

ఊరికి ఆకలి ఎందుకయిందో ఆ రోజు వెళ్ళి చూస్తే, ఊళ్ళో ఉన్న ఏడుగురినీ రాతిగనిలో పెట్టాడు. పొలం మొహం చూసినవాడు లేడు. “తిండి ఎవరు పండిస్తరు మామా?” అంటే, “గని ఖాళీగ ఉంచుతార్రా? ఖాళీ సాంచె చూస్తే సేఠ్ ఊకుంటడా?” అన్నాడు. ఇక్కడ సేఠ్ లేడు, ఈ ఊరికి నువ్వే సేఠ్‌వి అని చెప్పాను. కాసేపు ఆలోచించి, “గట్లయితే ఇంక గట్టిగ చెయ్యాలె” అని ఎనిమిదోవాడు పుట్టగానే వాణ్ణి కూడా గనికే తోలాడు. ఊరు మళ్ళీ పస్తు పడింది.

గుండ్రటి బటన్ దగ్గర ఇంకో గొడవ. ఆయన దాన్ని ఒత్తడు. అన్నీ సరిచూసి, వేలు దాని మీద దాకా తెచ్చి, నన్ను పిలుస్తాడు. “దిగెటోళ్ళు దిగుతరు సరే. ఎక్కెటోళ్ళు వచ్చిన్రా?” ఈ ఆటలో ఎక్కేవాళ్ళుండరు, దిగేవాళ్ళుండరు, ఆ మనుషులే వచ్చే ఏడాదీ పనిచేస్తారు అని అరుస్తాను. “ఎవ్వలు రాకుంట ఎట్ల ఒత్తాలె?” అంటాడు. ఒక్కో వంతుకు ముప్పావుగంట పట్టేది. నేను పదిహేను వంతులు ఆడేంతలో ఆయన ఒకటి ఆడేవాడు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడికైనా ఒక్కసారి చెబితే సరిపోయి ఉంటుంది. మామకు పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి మళ్ళీ చెప్పాలి.

ఏప్రిల్ నెలాఖరుకల్లా ఊరి మీద ఎర్ర ముఖాలు లేచాయి.

“అల్లుడా, గీ ఎర్ర మొఖాలేంది?”

“ఊరోళ్ళకు నీ మీద కోపమొచ్చింది మామా.”

“నా మీదనా? నేనేం జేసిన? గాదె కట్టిచ్చిన, గోడ కట్టిచ్చిన. తిండికి తక్కువ జేసిన్నా?” మామకు నిజంగానే బాధ కలిగింది. “ఏదన్న ఉంటే ఎదురుంగ వచ్చి చెప్పుమను. యాడున్నడు వాడు? జర చూపియ్యి.”

వాళ్ళు ఎదురుగా వచ్చి చెప్పరు, అందుకే ముఖం ఎర్రగా చూపిస్తారు అన్నాను. “మనిషన్నంక నోరుండదా?” అని విసుక్కొని ఇంకో గాదె కట్టించాడు. ఎర్ర ముఖాలు రెండు పెరిగాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే కింది గది నుంచి చిరంజీవి నా దగ్గరికి మెల్లగా రావడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరేళ్ళవాడు, మాట తక్కువ. భార్య ఊర్మిళ పోతారంలో నిండు నెలలతో ఉంది, మే నెలాఖరుకు కాన్పు. ఇది రెండోది. మొదటిది రెండేళ్ళ కిందట. అప్పుడు నెల ముందే నొప్పులొచ్చాయని ఫోన్ వస్తే, చిరంజీవి సాంచెల మీద ఎక్కేవాడు లేడు. అవతలి పాళీలో ఎక్కే రాజమల్లు ఊరికెళ్ళి ఉన్నాడు. “రెండొద్దులు ఆగురా, రాజమల్లు రాంగనే పో” అన్నది మామే. చిరంజీవి ఆగాడు. వాడు వెళ్ళేసరికి బిడ్డను మట్టి చేశారు. ఆ తర్వాత వాడు తిరిగొచ్చి అవే ఎనిమిది సాంచెలు నడిపాడు. మామను ఒక్క మాట అనలేదు. మామ కూడా ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

“అన్నా, మన తెలుగు సమాజమోళ్ళు ఊరికి బస్సు పెడుతున్నరట. పర్మిషన్ గూడ వచ్చిందట. ముకద్దమే పేర్ల లిస్టు రాసి సంతకం వెట్టాలెనట. జర నువ్వు చెప్పరాదే?”

“నువ్వే చెప్పరాదా?”

“ముకద్దం ముందట నాకు నోరు లేస్తదా అన్నా.”

నేను చెప్పాను. నిజం చెప్పాలంటే చెప్పలేదు, కసిరాను. ఎర్ర ముఖాల గురించి ఆరోసారి అడిగిన మధ్యాహ్నం అది. “నీ ఆటల ఊరి కతేమో గానీ, కిందున్నోళ్ళ ముఖాలు ఎప్పుడన్న చూసినవా? లిస్టు ఎందుకు రాస్తలేవు?” అన్నాను. మామ టాబ్లెట్ కింద పెట్టాడు.

“తొవ్వల ఏమన్న అయితే వాళ్ళ అవ్వలకు నేనేం జెప్పాలె? యాడ సూసిన రోగమే. సేఠ్ దినాం ఫోన్ జేస్తుండు, వారంల చాలూ అయితదంటుండు. ఒక్క వారం ఆగుమను.”

“చిరంజీవి సంగతో?”

“వారమే గదరా” అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆ వారం అయింది. ఇంకో వారం అయింది. సేఠ్ వారం ఎప్పుడూ వారమే. బస్సు తేదీ ఒకసారి దాటిపోయింది, రెండో బస్సుకు పేర్లు అడుగుతున్నారు. గదిలో ఒకరి గిన్నె ఒకరు ముట్టుకుంటే పోట్లాట మొదలైంది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నట్టు మామ కూర్చున్నాడు. నాకు తలప్రాణం తోకకొచ్చింది. టాబ్లెట్‌లో ఆయన ఊరు, కింది గదిలో మా ఊరు, రెండూ ఒకే తీరుగా కిక్కిరిసిపోతున్నాయి, రెంటికీ నేనే జవాబుదారీ.

మే రెండో వారంలో ఆటలోని పోతారం తిరగబడింది. పద్నాలుగు మంది ఉన్న ఊళ్ళో పదిమంది ఎర్రబడి పని మానేశారు. మామ మెట్ల మీద నుంచే కేకేశాడు. వెళ్ళి చూసి, శక్తంతా కూడదీసుకొని, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాను. ఊరు ఇరుకైంది. ఇట్లా అయినప్పుడు ఊళ్ళోంచి ఒకణ్ణి వలస పంపాలి. ఇదిగో బండి బొమ్మ, దీన్ని ఒత్తితే ఒక మనిషి బండి కట్టుకొని బయల్దేరతాడు, ఇంకోచోట ఊరు కడతాడు. ఇక్కడ ఇరుకు తగ్గుతుంది. కొత్తగా ఆడేవాళ్ళందరూ పదో వంతుకే చేసే పని ఇది, నువ్వు నూరు వంతులు దాటినా చెయ్యలేదు.

మామ బండి బొమ్మను చూశాడు. “ఒకడు పోతే ఊళ్ళె పద్నాలుగు పదమూడయితది గదరా.”

“అవును.”

“వాని జాగల ఎవరొస్తరు?”

“ఎవ్వరు రారు మామా!”

“చేతికి చెయ్యి వడకుంట మనిషిని ఎట్ల పంపాలె?”

“నీకో దండం, నీ ఊరికో దండం” అని టాబ్లెట్‌ను మంచం మీదికి విసిరేసి పైకి వచ్చేశాను. అత్త కింద నుంచి “ఇద్దర్కి ఇద్దరే” అనడం వినపడింది.

మర్నాడు పొద్దున చిరంజీవి గదిలో లేడు. సంచీ లేదు, చెప్పులు లేవు. రాజమల్లును అడిగితే నేలచూపులు చూస్తూ చెప్పాడు. తెల్లవారకముందే లేపి, “ఇయ్యాల అన్నం వండే వంతు నాది, జర నువ్వు వండు” అన్నాడట. ఎక్కడికని వీడు అడగలేదు, వాడు చెప్పలేదు. మామ ఆ గది గడప మీదే కూర్చుండిపోయాడు. పదకొండు దాటాక ఫోన్ వచ్చింది. బార్డోలీ నుంచి. ధూలే రోడ్డు పట్టుకొని ఊరికి నడిచిపోదామనుకున్నాడట. అక్కడ పోలీసులు ఆపి కూర్చోబెట్టారు. పోతారం ఇంకో ఏడెనిమిది వందల కిలోమీటర్లుంటుంది.

“బండి తీయి” అన్నాడు మామ.

స్కూటర్ మీద ముప్పై కిలోమీటర్లు, మూడు చోట్ల పోలీసులు. మా దగ్గరున్న పాసల్లా అత్త బీపీ మందుల చీటీ. మొదటి ఇద్దరు నమ్మారు. మూడోవాడు “లింబాయత్ వాళ్ళకి మందులు బార్డోలీలో దొరుకుతాయా?” అని హిందీలో అడిగాడు. నేను అబద్ధం వెతుక్కుంటుంటే మామ దిగి, “సాబ్, నా మనిషి ఒకడు నడుచుకుంట పోయిండు, నా తప్పే, తెచ్చుకుంట” అని తెలుగు యాస గుజరాతీలో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మా పని అయిపోయిందనుకున్నాను. ఆ పోలీసు మమ్మల్ని ఇద్దరినీ కాసేపు చూసి పొమ్మని చెయ్యి ఊపాడు. నా నెల రోజుల మొత్తుకోళ్ళకు రాని మాట, ‘నా తప్పే’ అనే మాట, ముక్కూమొహం తెలియని పోలీసుకు అంత సులువుగా ఎట్లా చెప్పాడో నాకు అర్థం కాలేదు. ఒళ్ళు మండింది కూడా.

చెరుకు బండ్లు తూచే కాటా పక్కన రేకుల నీడలో చిరంజీవి కూర్చొని ఉన్నాడు. చెప్పులు పక్కన పెట్టి, పాదాలు నేలకు తగలకుండా మడమల మీద ఆనించుకున్నాడు. అరికాళ్ళు బొబ్బలెక్కి చితికిపోయాయి. మామను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు.

మామకు కోపం ముందొచ్చింది. “చేతికి చెయ్యి వడకుంట ఎట్ల దిగినవ్‌రా? గిదేనా నేను నేర్పింది?”

చిరంజీవి మెల్లగానే అన్నాడు. “సాంచే తిరుగుతలేదు గద ముకద్దం. ఎవ్వని చేతికియ్యాలె?”

మామ వంగి వాడి చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు.

“అన్నం వంతు ఒక్కటుండె. అది రాజమల్లుకు ఇచ్చే వచ్చిన.”

“నాకు జెప్పి పోవద్దారా?”

“చెప్తే వద్దంటవ్. నువ్వు వద్దన్నంక నాకు పోబుద్ధి గాదు. ఆగుత.” వాడు అరికాళ్ళ వంక చూసుకుంటూ అన్నాడు. “అప్పుడు గూడ గంతే గద. ఆగిన.”

అదొక్కటే అన్నాడు. గొంతు పెంచలేదు. రెండేళ్ళలో వాడు ఆ మాట అనడం అదే మొదలు. మామ వాడి పక్కన నేల మీద కూలబడ్డాడు. ఎడమచేత్తో మొహం తుడుచుకున్నాడు, మాస్కు గడ్డం కిందికి జారింది. ముప్పై రోజులుగా ఆయన మీద నాకున్న చిరాకంతా ఎటు పోయిందో తెలియలేదు. ఆయన్ను అట్లా చూడటం కంటే ఎర్ర ముఖాల గురించి ఇంకో వందసార్లు అడిగించుకోవడమే నయం అనిపించింది.

తిరుగుప్రయాణంలో ముగ్గురం ఒకే స్కూటర్ మీద వచ్చాం, దారి పొడుగునా ఆరడుగుల దూరం పాటించమనే బోర్డులు చదువుకుంటూ. చిరంజీవి మధ్యలో. వాడి కాళ్ళు రోడ్డుకు తగలకుండా మామ వెనక నుంచి మోకాళ్ళ కింద పట్టుకున్నాడు.

ఇంటికి రాగానే కాగితం అడిగాడు. పదకొండు పేర్లు, ఆధార్ నంబర్లు తన చేత్తోనే రాశాడు. మొదటి పేరు చిరంజీవిది. రాస్తుండగానే సేఠ్ ఫోన్ వచ్చింది. మామ ఆయనతో ఎప్పుడూ నిలబడే మాట్లాడతాడు, ఫోన్‌లో అయినా సరే. ఆ రోజు కూర్చొనే మాట్లాడాడు.

“సేఠ్, సంచా బంధ్ ఛే. మాణస్‌నే కేమ్ రోకుఁ?”

యంత్రమే ఆగింది, మనిషినెందుకు ఆపాలి అని. అవతలినుంచి చాలాసేపు ఏదో వినపడింది. మామ “హా సేఠ్, హా సేఠ్” అంటూనే మిగతా పేర్లు రాశాడు.

నాలుగో రోజున బస్సు వచ్చింది. సమాజం తరఫున వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఒక్కొక్కరి నుదుటి దగ్గర జ్వరం చూసే యంత్రం పట్టుకొని “దూరం, దూరం” అని గొంతు చించుకుంటున్నాడు. మామ బస్సు మెట్టు పక్కన నిలబడ్డాడు. మొదటివాడు ఎక్కబోతుంటే కుడిచెయ్యి ముందుకు చాపాడు, గుప్పిట కొద్దిగా మడిచి, పిడి పట్టుకున్నట్టు. వాడికి అర్థమైంది. వచ్చి ఆ చేతి మీద చెయ్యి వేశాడు. మామ చెయ్యి తీశాడు. వాడు బస్సెక్కాడు. రెండోవాడు, మూడోవాడు, రాజమల్లు. పెద్దమనిషి నా మీద ఎగిరాడు, “చదువుకున్నోనివి, నీకన్న తెల్వదా, చేతులు ముట్టుకుంటున్రు” అని. జేబులో శానిటైజర్ సీసా ఉంటే అది ఆయనకిచ్చాను.

చిట్టచివర చిరంజీవి గుడ్డలు చుట్టిన కాళ్ళతో కుంటుకుంటూ వచ్చాడు. చెయ్యి వేశాడు. మామ తీయలేదు. డ్రైవర్ హారన్ కొట్టాడు.

“ఈసారి ఆగకు” అన్నాడు మామ. అప్పుడు చెయ్యి తీశాడు.

చిరంజీవి ఊరు చేరాడు గానీ ఇల్లు చేరలేదు. ఊరి బడిలో పద్నాలుగు రోజులు ఉంచారు. తొమ్మిదో రోజున ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఊర్మిళ తల్లి పసిగుడ్డును బడి గేటు దాకా తెచ్చి ఎత్తి చూపిస్తే, వాడు వరండాలో నిలబడి చూశాడు. పక్కనున్న రాజమల్లు అది వీడియో తీసి పంపాడు. దూరం నుంచి తీసింది కాబట్టి ఒక తెల్లటి గుడ్డ మూట తప్ప ఏమీ కనపడదు. మామ దాన్ని ఎన్నిసార్లు చూశాడో. “అల్లుడా, ఆగిపోయింది, మళ్ళ మొదటికెంచి ఎట్ల?” అని ప్రతిసారీ కేక. ప్రతిసారీ వెళ్ళి ఒత్తి వచ్చాను.

కింది గదిలో చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. అత్త అలవాటు చొప్పున రెండు మూడు రోజులు ఎక్కువ రొట్టెలు చేసి, తర్వాత మానేసింది. సాంచెలు ఎప్పుడు మొదలవుతాయో సేఠ్ చెప్పడం కూడా మానేశాడు. మామ ఒక్కడే సైకిల్ మీద పాండేసర దాకా వెళ్ళి, తాళం చూసి, తిరిగొచ్చేవాడు.

జూన్‌లో ఒక సాయంత్రం మళ్ళీ కేక వినపడింది. ఆట మానేశాడనుకున్నాను కాబట్టి ముందు విసుగు, వెంటనే కొంచెం సంతోషం, రెండూ కలిగాయి. వెళ్ళి చూస్తే టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. బండి బొమ్మ ఒత్తడం ఆయనకు వచ్చేసింది. అంతకుముందు నేర్పింది ఒక్కటీ ఒంటబట్టనివాడు ఇది మాత్రం ఎవరూ చెప్పకుండా నేర్చుకొని, పోతారం నుంచి ఒకరి తర్వాత ఒకరిని, పదమూడు మందిని పంపించేశాడు. ఒక్కొక్కరూ ఒక్కోచోట చిన్న చిన్న ఊళ్ళు కట్టుకున్నారు. ఆటగాడెవడూ ఇట్లా చెయ్యడు. నేనైతే నెత్తి కొట్టుకునేవాణ్ణి.

“ఎర్ర మొఖాలు లేవు” అన్నాడు.

“ఊళ్ళె మనుషులుంటే గద మామా ఎర్ర ముఖాలుండెటివి.”

“ఒక్కడు మిగిలిండు.” వేలితో చూపించాడు. “పోయినోళ్ళు మళ్ళ వస్తరా అల్లుడా?”

“రారు.”

“గట్లనా.” టాబ్లెట్ కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. “మరి వీన్ని ఏ పనికి వెట్టాలె?”

ఆ నెలల్లో ఆయన ఏది అడిగినా నా దగ్గర జవాబుండేది, అరుపుతో సహా. ఆ సాయంత్రం మాత్రం అరవకుండా ఆయన పక్కన మంచం మీద కూర్చున్నాను.

“పొలంల వెట్టు” అన్నాను చివరికి. “ముందుగాల వాడు తినాలె గద.”

మామ ఆ ఒక్కణ్ణీ గనిలోంచి తీసి పొలంలో పెట్టాడు. తర్వాత మూలనున్న గుండ్రటి బటన్ మీదికి వేలు తెచ్చాడు. ఎక్కేవాళ్ళు వచ్చారా అని అడుగుతాడని ఎదురుచూశాను. అడగలేదు. ఒత్తాడు.